చావెజ్‌వి 'వ్యక్తిగత సమస్యలు' కాదండి, తాగుడు, కొకైన్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో మెక్సికో బాక్సర్ జూలియో సీజర్ చావెజ్ మీద అర పేజీ వేశారు, ముందు దానికి థాంక్స్ అండి, తెలుగు పేపర్లో ఆ పేరు చూసి ఎన్నేళ్లయిందో కూడా గుర్తులేదు, పొద్దున్నే టీ పక్కన పెట్టేసి రెండుసార్లు చదివాను. పేరు అక్కడివాళ్లు హూలియో సేసర్ చావెస్ అంటారు కానీ మనకి జూలియో అని అలవాటైపోయింది, దాని గురించి కాదు ఈ ఉత్తరం. చివరి పేరాలో ఒక లైన్ ఉంది, "కెరీర్ చివర్లో వ్యక్తిగత సమస్యల కారణంగా వెనుకబడిన చావెజ్ 2005లో ఆటకు వీడ్కోలు పలికాడు" అని. ఆ లైన్ దగ్గర ఆగిపోయానండి. వ్యక్తిగత సమస్యలు అంటే ఏంటి? అప్పులా, విడాకులా, ఆరోగ్యమా? ఆయనకి ఉన్నది తాగుడు, కొకైన్. అది ఎవరో పుట్టించిన పుకారు కాదు, ఎవరూ చాటుగా ఫోటో తీసి బయటపెట్టింది కాదు, ఆయనే టీవీల్లో, స్టేజీల మీద, ఎన్నోసార్లు తన నోటితో చెప్పుకున్నాడు. ఆయనే దాచనిది మనం ఎందుకు దాచాలి?

ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే కొంచెం ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్న రైల్వేలో చేసేవారు, విజయవాడ సత్యనారాయణపురం క్వార్టర్స్‌లో పెరిగాం నేనూ మా తమ్ముడూ. కేబుల్ వచ్చిన కొత్తల్లో స్పోర్ట్స్ చానెల్‌లో రాత్రిపూట పాత బాక్సింగ్ ఫైట్లు వేసేవాళ్లు, అమ్మ పడుకున్నాక సౌండ్ బాగా తగ్గించి చూసేవాళ్లం. తలకి ఎర్ర బ్యాండ్ కట్టుకుని రింగ్‌లోకి వచ్చే పొట్టి మనిషిని మా వాడు మొదటిసారి చూసిన రోజే ఫిక్స్ అయిపోయాడు, ఇక వాడికి టైసన్ వద్దు, ఎవరూ వద్దు, చావెజే. మర్నాడు అమ్మ ఎర్ర రిబ్బన్ ముక్క కత్తిరించి తలకి కట్టుకుని వరండాలో నా పక్కటెముకల మీద ప్రాక్టీస్ చేసేవాడు. వాడి గురించి కిందకి వెళ్లాక చెప్తాను.

చావెజ్ పుట్టింది 1962 జూలై 12న, సోనోరా రాష్ట్రంలో సియుడాడ్ ఒబ్రెగాన్ అనే ఊర్లో, కానీ పెరిగింది సినలోవా రాష్ట్రంలోని కులియకాన్‌లో. వాళ్ల నాన్న కూడా రైల్వే మనిషే, ఇంట్లో పిల్లలు పది మంది, కాపురం ఎక్కడో తెలుసా, వాడకుండా వదిలేసిన ఒక రైలు బోగీలో. ఈ మాట మీ ఆర్టికల్‌లో "నిరుపేద కుటుంబంలో పుట్టి" అని మూడు ముక్కల్లో అయిపోయింది. రైల్వే క్వార్టర్స్‌లో ఒకటిన్నర గదిలో ఐదుగురం ఉన్న మాకే ఇరుకుగా ఉండేది, బోగీలో పన్నెండు మంది, అదీ ఎండలు మండిపోయే ఊర్లో, రేకు ఎంత కాలుతుందో రైల్వే వాళ్ల పిల్లలకి చెప్పక్కర్లేదు. వాళ్లమ్మ ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి నాలుగు డబ్బులు తెచ్చేది, అది చూసి నీకు ఇల్లు కొనిస్తాను, ఇక ఈ పని చెయ్యక్కర్లేదు అని అమ్మకి మాటిచ్చానని చావెజ్ తర్వాత చెప్పుకున్నాడు. తోడబుట్టినవాళ్లలో కొందరు అప్పటికే గ్లవ్స్ వేసుకున్నవాళ్లు కాబట్టి జిమ్ దారి కొత్త కాదు, పదహారేళ్ల వయసులో బాక్సింగ్‌లోకి దిగి 1980లో, ఇంకా పద్దెనిమిది నిండకుండానే ప్రొఫెషనల్ అయిపోయాడు.

ఇక్కడ మీరు రాయని ఒక తమాషా సంగతి ఉంది. 'ఓటమి ఎరుగని రికార్డ్' అని పెద్ద అక్షరాల్లో వేశారు కదా, ఆ రికార్డ్ 12వ ఫైట్‌లోనే తెగిపోవాల్సింది. 1981 మార్చిలో కులియకాన్‌లో మిగెల్ రూయిజ్ అనే అతనితో ఫైట్, మొదటి రౌండ్ అయిపోయి గంట కొట్టాక పంచ్ పడింది, రూయిజ్ పడిపోయాడు, రిఫరీ చావెజ్‌ని డిస్‌క్వాలిఫై చేసి అవతలివాడు గెలిచాడన్నాడు. మర్నాటికి ఆ తీర్పు తిరగబడింది, చావెజ్ నాకౌట్‌తో గెలిచినట్టు మార్చేశారు. చావెజ్ మేనేజర్ రమోన్ ఫెలిక్స్ అక్కడి లోకల్ బాక్సింగ్ కమిషన్‌లో మెంబర్ కూడా. అంటే తొంభై ఫైట్ల దాకా ఓటమి లేదు అని మనం చెప్పుకునే లెక్క వెనక ఒక ఫోన్‌కాల్ లాంటిదేదో ఉంది. నేను చావెజ్ అభిమానినే, అయినా రాయాల్సింది రాయాలి, అభిమానం ఉన్నవాడే రాయాలి అసలు.

ఆయన ఆట గురించి కూడా ఒక్క మాట. మన జనానికి బాక్సింగ్ అంటే తెలిసింది ఎక్కువగా ఒలింపిక్స్ టైపు, మూడు రౌండ్లు, చకచకా కొట్టి పాయింట్లు తీసుకుని బయటకి రావడం, నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ టైటిల్ కొట్టింది ఆ పద్ధతిలోనే (ఆ టోర్నీలో ఆమె మొదటి బౌట్ కూడా మెక్సికో అమ్మాయి మీదే, 5-0తో గెలిచింది, మీరే వేశారు అప్పట్లో). ప్రొఫెషనల్ అంటే పన్నెండు రౌండ్లు, రౌండ్‌కి మూడు నిమిషాలు, అక్కడ తొందర పనికిరాదు. చావెజ్ పరిగెత్తడు. మెల్లగా అడుగు అడుగు వేస్తూ ముందుకొస్తాడు, అవతలివాడు ఎటు జరిగితే అటు ముందే అడ్డం పడి, రింగ్ మూలకి, తాళ్ల దగ్గరకి నెట్టుకెళ్తాడు, అక్కడ దొరికాక ఎడమ చేత్తో కింద నుంచి తిప్పి కుడి పక్కటెముకల కింద కొడతాడు. అక్కడ ఉండేది కాలేయం. లివర్ షాట్ అంటారు దాన్ని. తల మీద పంచ్ పడితే వెంటనే తెలుస్తుంది, ఇది అలా కాదు, తగిలాక ఒక సెకను, ఒకటిన్నర సెకను మనిషి మామూలుగానే నిలబడి ఉంటాడు, మొహంలో కూడా ఏమీ తెలీదు, తర్వాత ఒక్కసారిగా ఊపిరి ఆగినట్టై కాళ్లు మడతపడిపోతాయి, బుర్ర పనిచేస్తూనే ఉంటుంది, లేవాలనీ ఉంటుంది, ఒళ్లు లేవదు. మెక్సికో బాక్సర్లందరికీ ఈ దెబ్బ ఒక ఇంటి వంట లాంటిది, కానీ చావెజ్ అంత ఓపిగ్గా, ఐదో రౌండ్‌లో పెట్టుబడి పెట్టి పదో రౌండ్‌లో వసూలు చేసుకునేలా వేసినవాళ్లు నాకు తెలిసి తక్కువ. దానికి తగ్గ దమ్ము ఎక్కడిదంటే, ఆయన ట్రైనింగ్ క్యాంపులు పెట్టుకునేది మెక్సికో సిటీ దగ్గర కొండల్లో ఒటోమీ ఆదివాసుల ఉత్సవ కేంద్రం దగ్గర, సముద్రమట్టానికి 3000 మీటర్లకి పైన, ఆ గాలి పల్చదనంలో పరిగెత్తినవాడికి కింద లాస్ వేగాస్‌లో పన్నెండు రౌండ్లు ఒక లెక్క కాదు.

టైటిళ్లు మీరు బాగానే రాశారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1984 సెప్టెంబర్ 13న లాస్ ఏంజెలెస్‌లో మారియో మార్టినెజ్‌ని ఎనిమిదో రౌండ్‌లో ఆపించి 130 పౌండ్ల బరువు తరగతిలో డబ్ల్యూబీసీ అనే బాక్సింగ్ సంస్థ ఇచ్చే ప్రపంచ ఛాంపియన్ బెల్ట్, 1987 నవంబర్‌లో ఎడ్విన్ రొసారియోని చితక్కొట్టి 135 పౌండ్ల తరగతిలో డబ్ల్యూబీఏ (అలాంటిదే ఇంకో సంస్థ) బెల్ట్, 1989 మేలో రోజర్ మేవెదర్ (ఫ్లాయిడ్ మేవెదర్ బాబాయ్) పదో రౌండ్ తర్వాత స్టూల్ మీద నుంచి లేవకపోతే 140 పౌండ్ల బెల్ట్. మూడు వెయిట్‌లలో ప్రపంచ ఛాంపియన్. రొసారియో ఫైట్ మాత్రం ఎవరైనా చూడకపోతే ఒకసారి చూడండి, చావెజ్ అంత పర్‌ఫెక్ట్‌గా ఆడిన రాత్రి ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇక మెల్‌డ్రిక్ టేలర్ ఫైట్. మీరు దీన్ని 'బాక్సింగ్ చరిత్రలో అద్భుత విజయం' అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడట్లేదు, కాస్త వివరంగా రాస్తాను, స్థలం లేకపోతే ఇంకేదైనా కత్తిరించండి కానీ ఇది వద్దు.

1990 మార్చి 17, లాస్ వేగాస్ హిల్టన్. చావెజ్ అప్పటికి 68 ఫైట్లు ఆడి 68 గెలిచాడు. టేలర్ ఫిలడెల్ఫియా కుర్రాడు, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పదిహేడేళ్లకే గోల్డ్ కొట్టినవాడు, అతనూ ఓడిపోలేదు, ఒకటి డ్రా. ఇద్దరి దగ్గరా 140 పౌండ్ల బెల్టులు. టేలర్ చేతుల స్పీడ్ చూస్తే కళ్లు తిరుగుతాయండి, చావెజ్ ఒకటి వేసేలోపు ఇతను ఐదు వేస్తాడు, రౌండ్ తర్వాత రౌండ్ టేలర్‌దే. కానీ ఫైట్ మధ్యలో దగ్గరగా చూడండి, పాయింట్లు టేలర్‌కి వెళ్తున్నాయి, ఒళ్లు మాత్రం టేలర్‌దే పాడవుతోంది, మొహం వాచిపోయింది, నోట్లోంచి రక్తం, ఆ రక్తం మింగేస్తున్నాడు. పదకొండు రౌండ్లయ్యేసరికి ఇద్దరు జడ్జీల కార్డుల్లో టేలర్ ఎక్కడో ఉన్నాడు, 107-102, 108-101, మూడో జడ్జి మాత్రం 105-104 చావెజ్‌కి ఇచ్చాడు. అంటే చివరి రౌండ్ టేలర్ దూరంగా తిరుగుతూ నిలబడి ఉంటే చాలు, గెలిచేసినట్టే. కానీ కార్నర్‌లో ట్రైనర్లు అతనికి ఈ రౌండ్ నీకు కావాలి అని చెప్పి పంపించారు. ఎందుకు చెప్పారో ఇప్పటికీ నాకు మనసు ఒప్పదు. అతను వెళ్లి కొట్లాడాడు.

ఇంకో ఇరవై సెకన్లు కూడా లేవు, చావెజ్ కుడి చెయ్యి తగిలింది, టేలర్ కార్నర్ దగ్గర పడ్డాడు. తాడు పట్టుకుని లేచాడు. రిఫరీ రిచర్డ్ స్టీల్ ఎనిమిది దాకా లెక్కపెట్టి మొహంలో మొహం పెట్టి అడిగాడు, బాగున్నావా అని. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. అదే టైమ్‌లో టేలర్ ట్రైనర్ లూ డువా రింగ్ అంచు మీదకి ఎక్కి అరుస్తున్నాడు, టేలర్ రిఫరీని వదిలేసి అటు చూశాడు. స్టీల్ చేతులు ఊపేశాడు, అయిపోయింది. గడియారంలో రెండు సెకన్లు మిగిలున్నాయి. రెండే.

ముప్ఫై ఏళ్లు దాటింది, ఇంకా కొట్టుకుంటున్నారు జనం దీని మీద. రెండు సెకన్లు వదిలేస్తే ఏం పోయేది అని ఒకళ్లు, టేలర్‌ని దోచుకున్నారని ఒకళ్లు. మా తమ్ముడు అప్పట్లో సంబరపడ్డాడు, నేను టేలర్ వైపు, ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఇప్పుడు ఈ వయసులో చూస్తే స్టీల్ చేసింది కరెక్టేననిపిస్తుంది, ఆయన చెప్పేది కూడా అదే, నేను గడియారం చూడను, మనిషిని చూస్తాను, ఒక మనిషి ప్రాణం కంటే ఫైట్ ఎక్కువ కాదు అని. టేలర్‌ని ఆ రాత్రి హాస్పిటల్‌కి తీసుకెళ్లారు, మొహంలో ఎముక విరిగింది. తర్వాత ఏడాది లోపే 1991 జనవరిలో ఇంకో వెయిట్‌లో టైటిల్ గెలిచాడు, కాబట్టి ఆ రాత్రితోనే అంతా అయిపోయిందనడం తప్పు, కానీ ఆ స్పీడ్, ఆ మెరుపు మళ్లీ పూర్తిగా రాలేదు, తర్వాతి ఏళ్లలో ఇంటర్వ్యూల్లో అతని మాట ముద్దముద్దగా వస్తుంటే వినలేకపోయాను. 1994లో చావెజ్‌తో మళ్లీ ఆడి ఎనిమిదో రౌండ్‌లో ఓడిపోయాడు. దాన్ని 'అద్భుత విజయం' అని ఒక్క మాటలో ముగించేస్తే టేలర్ అనే మనిషి ఏమైపోయినట్టు? చావెజ్ గొప్పగా గెలిచాడు, ఆ గెలుపుకి ఒకతను జీవితాంతం ఖరీదు కట్టాడు, రెండూ రాయాలి.

1993 ఫిబ్రవరి 20న మెక్సికో సిటీ ఆజ్‌టెకా స్టేడియం సంగతి మీరు రాశారు, లక్షా ముప్ఫై వేల పైచిలుకు జనం టికెట్ కొనుక్కుని వచ్చారు, బాక్సింగ్‌లో అలాంటి జనం రికార్డ్. ఎందుకు అంత కసిగా వచ్చారో రాయలేదు. అమెరికన్ బాక్సర్ గ్రెగ్ హాగెన్ ఫైట్‌కి ముందు నోరు జారాడు, చావెజ్ గెలిచిన ఫైట్లన్నీ టిహువానా (మెక్సికోలో ఒక ఊరు) టాక్సీ డ్రైవర్ల మీదే అన్నాడు. టాక్సీ డ్రైవర్ అనేది తిట్టా అసలు? ఆ స్టేడియంలో కూర్చున్న జనంలో టాక్సీ డ్రైవర్లు, రైల్వే కూలీలు, బట్టలుతికే అమ్మల పిల్లలే కదా ఎక్కువ. చావెజ్ మొదటి రౌండ్‌లోనే పడేశాడు హాగెన్‌ని, కానీ అప్పుడే వదల్లేదు, ఐదో రౌండ్ దాకా ఉంచి కొట్టాడు. ఫైట్ అయ్యాక హాగెనే, ఆ టాక్సీ డ్రైవర్లు గట్టివాళ్లే అయ్యుంటారు అని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అతని మీద కోపం పోయింది.

ఆ తర్వాత కిందకి దిగడం. అదే ఏడాది సెప్టెంబర్‌లో శాన్ ఆంటోనియోలో పెర్నెల్ విటేకర్‌తో డ్రా, అది డ్రా కాదు, విటేకర్ గెలిచాడని చూసినవాళ్లలో చాలామంది అన్నారు, అమెరికా స్పోర్ట్స్ మ్యాగజైన్ కవర్ మీద 'దోచేశారు' అనే అర్థం వచ్చేలా హెడ్డింగ్ వేసింది, నేనూ చూశాను, విటేకర్ గెలిచాడనే అంటాను. 1994 జనవరి 29న ఫ్రాంకీ రాండల్ పదకొండో రౌండ్‌లో చావెజ్‌ని పడేశాడు, కెరీర్‌లో మొదటిసారి కింద పడటం, మొదటి ఓటమి కూడా ఆ రాత్రే. అప్పుడు రిఫరీ ఎవరో తెలుసా, అదే రిచర్డ్ స్టీల్. నడుం కింద కొట్టినందుకు చావెజ్‌కి రెండు పాయింట్లు కోసేశాడు, తన ఓటమికి కారణం స్టీలేనన్నాడు చావెజ్. 1996లో ఆస్కార్ డి లా హోయా చేతిలో నాలుగో రౌండ్‌లో, మొహం నిండా రక్తంతో, 1998లో మళ్లీ అతని చేతిలోనే, 2000లో ఫీనిక్స్‌లో కోస్త్యా జూ చేతిలో. ఆఖరి ఫైట్ 2005 సెప్టెంబర్, అదీ ఫీనిక్స్‌లోనే, స్టూల్ మీద నుంచి లేవలేదు. మొత్తం 107 గెలుపులు, 6 ఓటములు, 2 డ్రాలు.

మీ ఆర్టికల్ ఇక్కడ ఆగింది. నాకైతే అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

అలవాట్లు ఓటముల తర్వాత బాధతో మొదలైనవి కావు. ఇది మనవాళ్లు చాలామంది తప్పుగా అనుకుంటారు, ఓడిపోయాడు కాబట్టి తాగాడు అని. చావెజే చెప్పాడు, నడుం చుట్టూ బెల్టులున్న రోజుల్లోనే, దేశాధ్యక్షులు పక్కన నిలబడి ఫోటోలు దిగే రోజుల్లోనే మొదలైందని. డబ్బు, కార్లు, పేరు, చుట్టూ పది మంది, ఏం కావాలంటే అది, అయినా లోపల ఖాళీగా ఉండేదని. ఊరు కులియకాన్, డ్రగ్స్ వ్యాపారానికి పేరుమోసిన ఊరు, ఆ పెద్ద తలకాయలు తనకి తెలుసని కూడా ఆయన దాచుకోలేదు. చుట్టూ ఉన్న పది మందిలో ఒక్కడు కూడా ఛాంపియన్‌కి వద్దు అని చెప్పడు కదండీ, చెప్తే రేపట్నుంచి కారు ఎక్కనివ్వరు. రిటైరయ్యాక ఇంకా ముదిరింది. చివరికి ఇంట్లోవాళ్లు, కొడుకులు పట్టుబట్టి డీ-అడిక్షన్ (అలవాటు మాన్పించే) సెంటర్‌లో చేర్పించారు, ఆయన ఒప్పుకుని తనంతట తాను నడిచి వెళ్లలేదు. బయటకొచ్చాక మళ్లీ ముట్టుకోకుండా ఉన్నాడు, పదేళ్లు దాటింది, ఆ రోజులు లెక్కపెట్టుకోవడం తన బెల్టుల కంటే గొప్పగా చెప్పుకుంటాడు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. పేరు రాయను, ఊళ్లో అందరికీ తెలిసినవాడే. మంచి ఉద్యోగం, మంచి పిల్ల, ఇద్దరు పిల్లలు, వాడికీ ఏదో పోయి తాగుడు మొదలవ్వలేదు, అన్నీ ఉన్నప్పుడే మొదలైంది. మేం ఏం చేశామో తెలుసా, దాచాం. ఆఫీసుకి రాకపోతే జ్వరం అని ఫోన్ చేసేది మరదలు, పెళ్లికి రాకపోతే డ్యూటీ అని చెప్పేది అమ్మ, నేనైతే బంధువులకి "వాడికి ఏవో పర్సనల్ ప్రాబ్లమ్స్" అనేవాణ్ణి. సరిగ్గా మీరు రాసిన మాటే. తొమ్మిదేళ్లు ఆ మాట చెప్పుకుంటూ బతికాం. ఎప్పుడైనా ఎదురుగా కూర్చోబెట్టి ఎలా ఉన్నావురా అంటే వాడు మన మొహం చూడడు, గుమ్మం వైపో టీవీ వైపో చూస్తాడు. ఆ చూపు ఎక్కడో చూశాను, ఎక్కడో చూశాను అనుకునేవాణ్ణి, ఒక రాత్రి ఆ పాత ఫైట్ మళ్లీ పెట్టుకుంటే గుర్తొచ్చింది, స్టీల్ అడుగుతుంటే టేలర్ పక్కకి చూస్తాడు కదా, ఆ చూపు. ఆ తర్వాతి వారమే నేను వెళ్లి అందరి ముందూ ఆ పేరు పెట్టి మాట్లాడాను, ఇది తాగుడు, ఇది జబ్బు, ట్రీట్‌మెంట్ కావాలి అని. అమ్మ నన్ను నెల రోజులు తిట్టింది, ఇంటి పరువు తీశావని.

మొదట చేర్పించిన చోటు బాగాలేదు, అక్కడ ట్రీట్‌మెంట్ అంటే తాళం వేసి ఉంచడం, ఎదురు మాట్లాడితే కొట్టడం, పన్నెండు రోజులకి బయటకి తెచ్చేశాం. తర్వాత ఒక గవర్నమెంట్ సైకియాట్రీ డాక్టర్ గారు చూశారు, మందులు, కౌన్సెలింగ్, వారం వారం మీటింగులు. ఏడాదిలో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి నాకు ఇక చాలనిపించింది, ఫోన్ కూడా ఎత్తలేదు మూడు వారాలు. ఆ డాక్టర్ గారే పిలిచి చెప్పారు, షుగర్ మళ్లీ పెరిగితే మనిషిని వదిలేస్తారా అని. ఈ ఉగాదికి నాలుగేళ్లయింది వాడు మానేసి. ఈ ఉత్తరం రాసే ముందు వాడి పర్మిషన్ అడిగాను, రాయి అన్నయ్యా, కానీ టేలర్ గురించి ఎక్కువ, చావెజ్ గురించి తక్కువ రాయకు అన్నాడు.

సరే చావెజ్ గురించి. తను బాగుపడి ఊరుకోలేదు ఆయన, టిహువానాలో, కులియకాన్‌లో బాహా డెల్ సోల్ పేరుతో సొంతంగా డీ-అడిక్షన్ సెంటర్లు పెట్టాడు. 2011లో అమెరికాలో కనస్టోటా అనే ఊళ్లో ఉన్న బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, మైక్ టైసన్, కోస్త్యా జూ కూడా ఆ ఏడాదే. మెక్సికోలో టీవీలో కామెంటరీ చెప్తాడు. 2021 జూన్‌లో గ్వాదలహారాలో 58 ఏళ్ల వయసులో మళ్లీ ఆ ఎర్ర బ్యాండ్ కట్టుకుని ఎగ్జిబిషన్ ఫైట్ ఆడాడు, అవతల ఉన్నది ఎవరంటే 1992లో తను ఓడించిన హెక్టర్ కమాచో కొడుకు. తండ్రి కమాచోని 2012లో ప్యూర్టోరికోలో కాల్చి చంపేశారు. ఆ రోజు ఫైట్ అయ్యాక ఆ కుర్రాణ్ణి పట్టుకుని నిలబడ్డ చావెజ్‌ని చూస్తే నాకు ఏ టైటిల్ రాత్రి కంటే ఎక్కువ నచ్చాడు.

అంతా బాగైపోయిందని కాదండి. 2017లో కులియకాన్‌లో తోడబుట్టిన రఫేల్‌ని దుండగులు కాల్చి చంపారు. పెద్ద కొడుకు చావెజ్ జూనియర్ 2011లో మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, నాన్న పేరు నిలబెట్టాడనుకుంటే 2012లో సెర్జియో మార్టినెజ్ (పైన చెప్పిన మారియో కాదు) చేతిలో ఓడిన ఫైట్ తర్వాత గంజాయి టెస్ట్‌లో దొరికాడు, తర్వాత అతనూ అదే ఊబిలో పడ్డాడు, తండ్రి కొడుకుని ట్రీట్‌మెంట్‌కి తీసుకెళ్లడం, కొడుకు తండ్రి మీద సోషల్ మీడియాలో మాటలనడం, మళ్లీ కలవడం, ఇవన్నీ మెక్సికో మొత్తం చూసింది. వేరే వాళ్ల పిల్లల్ని బాగుచేసే సెంటర్ పెట్టినవాడి ఇంట్లోనే ఇలా ఎందుకు అని అక్కడ కూడా కొందరు ఎగతాళి చేశారు. నాకు అది ఎగతాళిగా అనిపించలేదు. ఒకప్పుడు తన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన కొడుకు చెయ్యి ఇప్పుడు తను పట్టుకుంటున్నాడు, అంతే కదా, అదీ దాక్కుని కాదు, కెమెరాల ముందు, ఏడుస్తూ. మన దగ్గర ఒక పెద్ద హీరో, ఒక పెద్ద క్రికెటర్ అలా కూర్చుని నాకు ఈ జబ్బు ఉంది, నా కొడుక్కి కూడా ఉంది అని చెప్పడం ఊహించుకోండి.

మీరు పేరున్న పేపర్, మా ఇంట్లో మా నాన్న కాలం నుంచి వస్తోంది, కాబట్టి అడుగుతున్నాను, కోప్పడట్లేదు. క్రీడాకారుల గురించి రాసేటప్పుడు చీలమండ విరిగితే చీలమండ అని రాస్తారు, మోకాలి ఆపరేషన్ అయితే ఏ లిగమెంటో కూడా రాస్తారు, బొమ్మ గీసి చూపిస్తారు, తాగుడు దగ్గరకొచ్చేసరికి మాత్రం 'వ్యక్తిగత సమస్యలు' అయిపోతుంది. చనిపోయినవాళ్ల గురించో, బయటపెట్టుకోని వాళ్ల గురించో అయితే నేనూ అలాగే రాయమంటాను, అది మర్యాద. చావెజ్ విషయంలో అలా కాదు, ఆయన జీవితంలో సగం పని ఆ మాట పైకి చెప్పడమే, దాన్ని మనం తెలుగులో మళ్లీ కప్పెట్టేస్తున్నాం. మా అమ్మ లాంటి వాళ్లు ఆ పేజీ చదివి, అంతటి ఛాంపియనే సెంటర్‌లో చేరాడట, కొడుకులే తీసుకెళ్లారట అని ఒక్క లైన్ చూసుంటే, నేను నోరు విప్పిన రోజు నన్ను తిట్టే తిట్లలో సగమైనా తగ్గేవేమో.

కాబట్టి రెండు అడుగుతున్నాను. ఒకటి, వచ్చే ఆదివారం అదే పేజీలో చావెజ్ రెండో సగం వెయ్యండి, ఫోటో కూడా ఆజ్‌టెకాది కాకుండా ఇప్పటిది, తెల్లబడ్డ గడ్డంతో ఉన్నది వెయ్యండి. రెండు, దాని కింద ఒక చిన్న బాక్స్ కట్టి కేంద్ర ప్రభుత్వం వాళ్ల డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ నంబర్ 14446 వెయ్యండి, ఫ్రీ కాల్, మందూ డ్రగ్స్ రెండిటికీ. మాకు ఆ నంబర్ ఉందని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పెద్ద అక్షరాల్లో వెయ్యండి, మా అమ్మకి చత్వారం.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ